ఆదివారం మాత్రమే జారే గేరు

డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చేవాళ్లలో సగంమంది పై అంతస్తులోని పళ్ల డాక్టరు కోసం వచ్చి తలుపు తప్పినవాళ్లే. అందుకే ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడు కాగానే, కుర్చీలో వెనక్కి వాలి ఉన్న డిటెక్టివ్ కళ్లు తెరవకుండా, "ఇంకో అంతస్తు ఎక్కండి," అన్నాడు.

"ఊడేది పన్ను కాదు సార్, నా షెడ్డు," అంది ఒక గొంతు.

డిటెక్టివ్ కళ్లు తెరిచాడు. ఆయన కళ్లు తెరవడాన్ని కూడా మెచ్చుకోలుగా చూసే అసిస్టెంటు, వెంటనే కుర్చీ తుడిచి వేశాడు.

వచ్చినవాడు కార్ల మెకానిక్. కూర్చోమన్నా అంచునే కూర్చుని, అద్దె ఇంటివాడికి సహజమైన భయంతో తన కథ చెప్పాడు. అతని షెడ్డు ఒక రిటైర్డ్ ఆడిటర్ గారి ఇంటి ముందు స్థలంలో ఉంది. గిరాకీ అంతా ఆ షెడ్డును చూసి వచ్చేదే. అక్కడినుంచి లేపేస్తే కొత్తచోట మళ్లీ ఈగలు తోలుకుంటూ మొదలుపెట్టాలి. ఆడిటర్ గారి అల్లుడు భార్యతో అదే ఇంట్లో మేడమీద ఉంటాడు. అతనికి ఒక పాత ఆటోమేటిక్ కారుంది. కొన్ని నెలల కిందట దాని గేరు జారడం మొదలుపెట్టింది. తొక్కితే ఇంజిన్ అరిచేది, కారు మాత్రం వెళ్లాలా వద్దా అని ఆలోచించుకునేది.

గేర్‌బాక్స్ విప్పాలని మెకానిక్ చెప్పాడు. ఆడిటర్ గారు విప్పడం అనే మాటను ఇష్టపడే మనిషి కాదు. ఆయన సాయంత్రం నడకకు వెళ్లి, మోకాళ్ల నొప్పి నుంచి మోటారు వాహనాల దాకా అన్నిటికీ వైద్యం తెలిసిన స్నేహితుల దగ్గర సలహా తీసుకుని, ఒక బాటిల్‌తో తిరిగొచ్చారు. గేర్ ఆయిల్‌లో కలిపితే జారడం ఆగిపోతుందని దానిమీద రాసుంది. పొయ్యమన్నారు, మెకానిక్ పోశాడు. జారడం ఆగిపోయింది. ఆడిటర్ గారు ఆ సంగతి కాలనీ అంతా చెప్పుకున్నారు. చెప్పుకోవడం పూర్తయ్యేసరికి మళ్లీ జారింది.

బాగైనప్పుడు బాటిల్ తెచ్చినవాడి గొప్ప, చెడినప్పుడు పోసినవాడి తప్పు. రెండో బాటిల్ తర్వాతా అదే వరస. ఈ ఆదివారం కుటుంబమంతా ఆడిటర్ గారి భార్యకు పిన్ని కూతురు కొన్న ఫ్లాటు చూడటానికి వెళ్తున్నారు. దారిలో కారు జారితే షెడ్డు ఖాళీ చెయ్యాలి. అదీ తీర్పు.

"ఎప్పుడు జారుతుంది?" అన్నాడు డిటెక్టివ్.

"ఆదివారాలే సార్. సోమవారం నా దగ్గరికి తెస్తారు. చూస్తే ఆయిలు గీత దాకా ఉంటుంది. నడిపితే వెన్నలా పోతుంది. నాకే పిచ్చెక్కిందేమోనని మా ఆవిడ అనుమానం."

డిటెక్టివ్ నిట్టూర్చాడు. వారమంతా కష్టపడి ఆదివారం మాత్రం చెడిపోయే వస్తువును ఆయన ఇంతకుముందు ఒక్కటే చూశాడు. అది ఆయనే.

మర్నాడు డిటెక్టివ్, అసిస్టెంటు ఆ ఇంటికి వెళ్లారు. డిటెక్టివ్ అని వినగానే ఆడిటర్ గారు గుమ్మంలోనే ఆపి ఫీజు ఎవరిస్తారని అడిగారు. మెకానిక్ ఇస్తాడని తెలిశాక ఆప్యాయంగా లోపలికి పిలిచి ఫ్యాను వేశారు. కారు కింద తానే స్వయంగా పరిచిన అట్టపెట్టె ముక్కను చూపించారు. బొట్టు కారినా దానిమీద తెలిసిపోతుందట. అట్ట పొడిగా, కొత్త పెళ్లికొడుకు చొక్కాలా ఉంది.

అసిస్టెంటుకు మొదటి చూపులోనే ఆడిటర్ గారి కొడుకుమీద అనుమానం వచ్చింది. ఆ కుర్రవాడు కొత్త కారు బొమ్మల పుస్తకం చంకలోంచి దించడు. ఆ డబ్బాను అమ్మి పారెయ్యమంటే బావ వినడంలేదని అడగకుండానే చెప్పాడు. గేర్ ఆయిల్ చూసే పుల్ల ఎక్కడుందో చూపించమని డిటెక్టివ్ అడిగితే, బానెట్ ఎత్తి, అద్దం కడిగే నీళ్ల డబ్బా మూత తీసి చూపించాడు.

మేడమీద బాల్కనీలో డిటెక్టివ్ చేతులు కడుక్కున్నాడు. సబ్బు పక్కన సూది లేని పెద్ద సిరంజి, దానికి తగిలించిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉన్నాయి. సిరంజి లోపల ఎర్రటి మరక. ఇదెందుకని అడిగితే, ప్రింటర్‌లో ఇంకు నింపడానికని మావారు చెప్పారని ఆడిటర్ గారి అమ్మాయి అంది. దిగుతూ ఆయన హాల్లో ప్రింటర్ చూశాడు. నల్ల ఇంకు తప్ప వేరే రంగు పట్టనిదాన్ని ఏరికోరి కొన్నానని, రంగులుంటే ఇంట్లోవాళ్లు రంగుల్లోనే తీస్తారని ఆడిటర్ గారు గర్వంగా వివరించారు.

ఆఖరున అల్లుడు. ఆఫీసుకు వెళ్తూ డిటెక్టివ్‌ను కారెక్కించుకున్నాడు. కారు ఫ్లైఓవర్ ఏ మాటా అనకుండా ఎక్కింది. దారిపొడవునా అత్తగారు ఫోన్లు చేశారు. పెద్దమ్మను ఆస్పత్రికి దించాలి, ఎవరి పరుపో ఎవరింటి నుంచో తేవాలి. ప్రతిదానికీ అతను ఒకే మాట అన్నాడు. "అలాగే అత్తయ్యగారూ."

డిటెక్టివ్ నేరాల గురించి ఏమీ అడగలేదు. మొదటిసారి గేరు జారినప్పటినుంచి మామగారు బాటిల్ తెచ్చేదాకా, కారు ఎవరూ ఎక్కని ఆ రోజుల్లో, ఆదివారాలు ఎలా గడిచాయని మాత్రం అడిగాడు.

అల్లుడి ముఖం ఆ ఉదయానికి మొదటిసారి వెలిగింది.

"పడుకున్నానండి," అన్నాడు.

శనివారం సాయంత్రం డిటెక్టివ్ చెప్పిన ప్రకారం మెకానిక్ అందరినీ పిలిచి ఇంజిన్ వేడెక్కించి, ఆయిల్ పుల్ల తీసి చూపించాడు. నిండుగా గీత దాకా ఉంది. ఆదివారం ఉదయం ఇస్త్రీ బట్టలతో అందరూ పోర్టికోలోకి వచ్చేసరికి డిటెక్టివ్, అసిస్టెంటు అక్కడ నిలబడి ఉన్నారు. మళ్లీ అలాగే వేడెక్కించి పుల్ల తీశారు. ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు. అట్టమీద బొట్టు లేదు.

డిటెక్టివ్ అందరినీ హాల్లోకి రమ్మన్నాడు. ఎందుకంటే అక్కడ కుర్చీలున్నాయి.

"మొదట ఒక శుభవార్త," అన్నాడు అలసటగా. "ఆడిటర్ గారి బాటిల్ పనిచేసింది."

ఆడిటర్ గారు కూడా ఇది ఊహించలేదు.

గేర్‌బాక్స్ లోపల రబ్బరు సీళ్లు ఎండిపోయి ఆయిల్ ఒత్తిడి నిలవలేదని, ఆ మందు వాటిని మెత్తబరిచిందని ఆయన వివరించాడు. లోపలి ప్లేట్లు అరిగిపోయి ఉంటే ఏ మందూ పనిచేసేది కాదు. ఆడిటర్ గారి అదృష్టం బాగుంది. ఇంట్లో ఇంకొకరి అదృష్టం బాగాలేదు. గేరు జారినన్నాళ్లూ ఆ మనిషికి ఆదివారాలు దొరికాయి. బాటిల్ వచ్చి వాటిని పట్టుకుపోయింది.

"ఆయిల్ కారలేదు, అట్ట చెబుతోంది. కారు తాగలేదు, ఎందుకంటే సోమవారానికల్లా తిరిగొస్తోంది. అంటే శనివారం రాత్రి ఎవరో పుల్ల గొట్టంలోంచి సిరంజితో లాగేసి, ఆదివారం ఇంటికొచ్చాక మళ్లీ పోస్తున్నారు. పుల్ల ఎక్కడుందో మీ అబ్బాయికి తెలియదు. ఇక ఎర్ర మరక. నల్ల ఇంకు తప్ప పట్టని ప్రింటర్‌కి ఎర్ర ఇంకు ఎవరు నింపుతారు? ఆయిల్ రంగు మాత్రం ఎరుపు. ఎక్కడ దాచారో నేను వెతకను. నాకు మోకాళ్లు నొప్పి."

అల్లుడు లేచి మేడమీదికి వెళ్లి, నేల తుడిచే మందు సీసా ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. అందులో సగం దాకా ఎర్రటి ఆయిల్ ఉంది. భార్య ఆ సీసానీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇలా తక్కువ ఆయిల్‌తో తిప్పితే నిజంగానే ప్లేట్లు కాలిపోతాయి సార్," అన్నాడు మెకానిక్ మెల్లగా. "ఇప్పటికే కొంచెం మాడు వాసన వస్తోంది."

"తెలుసు," అన్నాడు అల్లుడు. "వాసన వచ్చినప్పుడల్లా నాకూ భయమేసేది. నీ షెడ్డు సంగతి విన్నాక నిద్ర పట్టలేదు. ఈసారి తియ్యకూడదనే అనుకున్నాను. నిన్న సాయంత్రం అత్తయ్యగారు, ఫ్లాటు చూశాక అటునుంచటే బట్టల కొట్టుకి కూడా వెళ్దామన్నారు."

"అయ్యో, రాలేనని చెప్తే సరిపోయేదిగా నాయనా," అంది అత్తగారు. "ఎవరు కాదన్నారు?"

ఆ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఆ మాట చెప్పారా అని అసిస్టెంటు అందరి ముఖాలూ చూశాడు. చెప్పిన ముఖం ఒక్కటీ కనిపించలేదు.

ఆడిటర్ గారు గొంతు సవరించుకున్నారు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు అలవాటులేని పని కాబట్టి, షెడ్డు విషయం ఇక ఎవరూ ఎత్తవద్దని మందలింపులా అన్నారు. మెకానిక్ ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే ఆయన చూపు అతనిమీద ఆగింది.

"ఏమోయ్, నీకు డ్రైవింగ్ వచ్చుగా? అల్లుడుగారు పడుకోనీ. ఆదివారాలు నువ్వు తీసుకెళ్తూ ఉండు. ఎలాగూ మన కాంపౌండులోనే ఉంటావు."

ఇస్త్రీ బట్టలన్నీ అతనివైపు తిరిగాయి. షెడ్డు తిరిగొచ్చి నిమిషమైనా కాలేదు. మెకానిక్ కిటికీలోంచి దాని రేకుల కప్పును చూశాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నా.

"కుదరదండి," అన్నాడు. "ఆదివారం నాకు సెలవు."

ఆడిటర్ గారు నోరు తెరిచారు. కాసేపు అలాగే ఉంచారు.

"అలాగా. సరే," అన్నారు. భార్యవైపు తిరిగి, ఆ ఫ్లాటు దాకా బస్సు వెళ్తుందేమో కనుక్కోమన్నారు.

అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే, అల్లుడు మాత్రం కదలకుండా మెకానిక్‌నే చూస్తున్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే సార్," అన్నాడు మెకానిక్.