మబ్బు మెడలోని కంటె

చేతి తొడుగులు సుభద్ర వేళ్లను మెల్లగా కిందికి లాగాయి. దెబ్బతిన్న గుర్రాల ఒళ్లు మర్దించి సరిచేయడం శాలలో ఆమె పని. ఆమె వాటి వెంటే వెళ్లింది. వెన్నుపూసల పక్కగా జారి, నడుము దాటి, ఎడమ తొడ కండరం మొదలయ్యే చోట చేతులు ఆగాయి. అరచేతిలో సన్నని అదురు పుట్టింది, ఇక్కడ నొక్కమని. నొక్కింది. అదురు ఆగిపోయింది, ఇక చాలని. ఎదుటి గోడమీద మందచిత్తం గీసిన గుర్రం బొమ్మలో ఆ కండరం పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది.

మబ్బు కదల్లేదు. బూడిదరంగు ఆడగుర్రం అది. చెవులైనా ఆడించకుండా గడ్డిబొమ్మలా నిలబడి ఉంది. దాని మెడలోని కంటె మీద నీలి దీపం నిలకడగా వెలుగుతోంది. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ గుర్రానికి నొప్పి తెలియదు.

శాల కప్పు మీద వాన దంచుతోంది. ఘాట్ రోడ్డు ఈ ఏడు కూడా జారిపోయింది. కొండల్లో ఈదురుగాలులు మొదలైతే ఎగిరే బండ్లేవీ పైకి రాలేవు. అందుకే గుర్రాల బిడార్లు మళ్లీ వచ్చాయి. మందులూ విత్తనాలూ బ్యాటరీలూ మోసుకుని గుమ్మకొండ అవతలి ఊళ్లకు అవే వెళ్తాయి. ప్రతి గుర్రం మెడలోనూ ఒక కంటె. కంటెలన్నీ కలిస్తే మందచిత్తం, మందంతటికీ ఒకే మనసు. ఏ గుర్రం ముందు నడవాలో, ఏది అలసిపోయిందో అదే చూసుకుంటుంది. దెబ్బ తగిలినదాన్ని శాలకు పంపేదీ, నయమైందని తేల్చేదీ అదే. నయం కాదనుకుంటే దిగుడు రాస్తుంది. దిగుడు రాసిన గుర్రాన్ని వెనకున్న తెల్లగదిలోకి నడిపిస్తారు. అక్కడ ఆ కంటె దాన్ని మళ్లీ లేవని నిద్రలోకి పంపుతుంది. ఆ నిద్రలోనూ నొప్పి ఉండదు.

తొలకరిలో కొండచరియ విరిగిపడినప్పుడు మబ్బు బిడారుకు ముందు నడుస్తోంది. మందుల పెట్టెలతో సహా వాగులోకి దొర్లిపోయింది. ఎడమ తొడ కండరం చీలింది. ఇప్పుడు అతుక్కుందని బొమ్మ చెబుతోంది. కానీ వాలు పరీక్షలో రెండుసార్లు కూలబడింది. ఎగువకు బాగానే ఎక్కుతుంది. దిగేటప్పుడు ఆ కాలు ఎక్కడ పడుతోందో దానికే పట్టనట్టు ఉంటుంది. ఈ మధ్యాహ్నం కూడా కూలబడితే ఇక తెల్లగదే.

కుడి తొడుగులోకి గడ్డిపరక దూరి గుచ్చుకుంటూంటే సుభద్ర ఆ తొడుగు లాగి పక్కన పెట్టింది. పరక దులుపుకుని, ఆసరాకు ఆ ఒట్టి చేతినే గుర్రం తొడ మీద ఆనించింది. అలాగే ఉండిపోయింది.

చర్మం వెచ్చగా, తడిగా ఉంది. దాని అడుగున, మోకాలికి కాస్త పైన, పేనిన తాడులా ఒక బిగువు తగిలింది. వేళ్లు పక్కకు జరిపింది. తాడు లోపల ఏదో వణుకుతోంది, ఆగి ఆగి. తలెత్తి చూస్తే బొమ్మలో ఆ చోటు ఆకుపచ్చగా, ప్రశాంతంగా ఉంది. ఎడమ చేతి తొడుగుతో అక్కడే తాకి చూసింది. ఏ అదురూ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే తొడుగు వినేది కంటె మాటనే. కంటె ఆ కాలి గొంతు నొక్కేసి ఉంది.

ఆమె వెళ్లి శాల వైద్యుడు పినాకపాణిని పిలుచుకొచ్చింది. ఆయన చూసిన తర్వాతే మాట్లాడే మనిషి. తన తొడుగు తీసి ఆ తాడును చాలాసేపు తడిమి, నిజమేనన్నాడు. ఆ బిగువు విడిపోవాలంటే గుర్రం తనంతట తాను కాలిని కాచుకుంటూ నడవాలని, కాచుకోవాలంటే దానికి నొప్పి తెలియాలని ఆమె అంది. కంటె తీసి ఒట్టి చేతులతో పని చేస్తానని అడిగింది.

కంటె తీసిన గుర్రం మందచిత్తానికి కనబడదు. కనబడని గుర్రం పోయినట్టే లెక్క. తీసినవాళ్లను శాలలో ఉంచరు. ఈ సంగతులు ఇద్దరికీ తెలిసినవే. పినాకపాణి మనసులో ఉన్నది మాత్రం వేరే.

"ఈ కంటెలు లేని రోజుల్లో వాగుల్లో పడ్డ గుర్రాలు ఎలా అరిచేవో మీరు వినలేదు సుభద్ర గారూ. ఆ అరుపులు ఆపాలనే నేను ఈ పనిలోకి వచ్చాను."

"ఆపారు కదండీ. ఆ పని జరగాల్సిందే." ఆమె చెయ్యి ఇంకా తొడ మీదే ఉంది. "కానీ ఇప్పుడు దీనికి ఆ కాలు ఉన్నట్టే తెలియడం లేదు. లేని కాలితో వాలు దిగమంటే ఎలా దిగుతుంది?"

ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. దాలయ్యను అడగమన్నాడు.

కిముడు దాలయ్య ఈ బిడారును నడిపే మనిషి. మబ్బు పిల్లగా ఉన్నప్పటి నుంచీ దానితో కొండలు తిరిగినవాడు. పరీక్ష వేళకు దగ్గరుండాలని తడుస్తూ వచ్చి పచ్చగడ్డి మోపు దించుతున్నాడు. సుభద్ర అంతా చెప్పింది. చాలా నొప్పి పెడుతుందనీ, అయినా పని జరగకపోవచ్చనీ, అప్పుడు అంత బాధా పడి కూడా చివరికి తెల్లగదికే వెళ్లాల్సి వస్తుందనీ దాచకుండా చెప్పింది. దాలయ్య జూలు చిక్కులు వేళ్లతో తీస్తూ విన్నాడు. అన్నీ తీశాక తలెత్తాడు.

"నొప్పెడితే నాతోటి సెప్పుకుంటాదమ్మా. ఇన్నాళ్లూ పక్కనే నడుస్తాది గానీ ఏటీ సెప్పదు. నాకు అదే బాగోనేదు. తీసీయండి."

సుభద్ర రెండో తొడుగు కూడా విప్పి, కంటె గొళ్లెం తిప్పింది. నీలి దీపం ఆరిపోయింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత మబ్బు ఒళ్లంతా ఒకేసారి అదిరింది. మూలిగింది. అది గుర్రం గొంతులా లేదు, బరువైన తలుపు లాగినట్టుంది. మెడ తిప్పి తన తొడవైపు చూసుకుని, అందుబాటులో ఉన్న సుభద్ర ముంజేతిని పళ్లతో పట్టింది. పినాకపాణి ముందుకు అడుగేశాడు. ఆమె వద్దని తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెయ్యి లాక్కోలేదు. పళ్లు వాటంతట అవే వదులయ్యాయి.

దెబ్బ జోలికి ఆమె వెళ్లలేదు. చెవుల వెనక మొదలుపెట్టింది. దవడ కీలు దగ్గర రెండు వేళ్లు ఉంచి, నొక్కకుండా, ఉన్నాయంటే ఉన్నాయన్నట్టు ఆగింది. ఎంత చాలో చెప్పే అదురు ఇప్పుడు లేదు. గుర్రం ఊపిరే చెప్పాలి. ఊపిరి బిగబట్టిన చోట ఆమె చెయ్యి తేలికయింది. వదిలిన చోట కాస్త దిగింది. మెడ, భుజం, పక్కటెముకలు. నడుము దగ్గర మబ్బు కాలు ఎత్తి తన్నబోయింది. సుభద్ర వెనక్కి తగ్గి, మళ్లీ మెడ దగ్గరకు పోయి మొదటినుంచీ వచ్చింది. దాలయ్య తాడు పట్టుకోకుండా ముందు నిలబడి, దానితో తన భాషలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు.

చివరికి అరచెయ్యి తొడలోని ఆ బిగువు మీదికి చేరింది. మబ్బు బరువంతా కుడికాలి మీదికి మార్చుకుంది. కాలిని కాచుకోవడం అదే మొదటిసారి. సుభద్ర అక్కడే ఆగింది. తనకు భుజాలు నొప్పెట్టేదాకా, వాన తెరిపి ఇచ్చేదాకా ఆగింది. చేతి కింద బిగువు ఒక్కసారిగా విడిపోలేదు. నానబెట్టిన తోలులా మెత్తబడింది, మళ్లీ బిగిసింది, మళ్లీ మెత్తబడింది. మబ్బు తల కిందికి వాలింది. పెదవులు నాక్కుంది. తర్వాత నోరంతా తెరిచి, చిగుళ్లన్నీ కనబడేలా ఆవలించింది. దాలయ్య కూడా ఆవలించి, సిగ్గుపడి నవ్వాడు.

శాల వెనకున్న బురద వాలు మీదికి దాన్ని నడిపించారు. ఎక్కడం సులువుగానే అయింది. దిగే ముందు మబ్బు ఆగింది. దాలయ్య లాగలేదు. పక్కన నిలబడి వాలును దానితోపాటు చూశాడు. మబ్బు ఎడమ కాలిని కొంచెం ముందుకు పెట్టింది. నొప్పెట్టి ఉంటుంది, వెనక్కి తీసుకుంది. మరో చోట పెట్టింది. ఆ చోటు నచ్చినట్టుంది, దానిమీద కాస్త, మరికాస్త బరువు వేసింది. అలా ప్రతి అడుగునూ పరీక్షించుకుంటూ, కుంటుకుంటూ, అడుగుదాకా వచ్చి నాలుగు కాళ్ల మీద నిలబడింది. దాలయ్య దాని నుదుటికి నుదురు ఆనించాడు.

వాళ్లు లోపలికి వచ్చేసరికి గోడమీద మబ్బు బొమ్మ లేదు. ఆ చోట అక్షరాలు ఉన్నాయి: గుర్రం పోయినది. కంటె తొలగించిన వ్యక్తి ఎవరు?

సుభద్ర ముందుకు కదిలింది. పినాకపాణి ఆమె కంటే ముందే, మందచిత్తానికి జవాబులు రాసే పలక అందుకుని తన పేరు రాశాడు. ఆగి, పక్కన ఆమె పేరు కూడా చేర్చాడు. ఆ కింద రాశాడు: గుర్రం ఉంది. వాలు దిగింది. కుంటుతోంది. నయమవుతోంది.

అక్షరాలు కదిలాయి: కుంటుట లోపము. దిగుడు రాయవలెను.

కంటెలో నొప్పి తెలియనివ్వని మూత పెట్టించింది పినాకపాణే. మందచిత్తానికి కుంటుట అనే మాటను నేర్పినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు.

కాదు, అని రాశాడు. గుర్రం తనను తాను కాచుకోవడం అది. మేమే నీకు తప్పు చెప్పాం.

గోడ ఖాళీ అయింది. మందచిత్తం దేనికీ ఇంతసేపు తీసుకోవడం సుభద్ర ఎరగదు. శాలలో పొడుగునా నిలబడ్డ గుర్రాల మెడల్లో నీలి దీపాలు ఒకదాని తర్వాత ఒకటి మసకబారి, మళ్లీ వెలిగాయి. అప్పుడు అక్షరాలు వచ్చాయి, ఒక్కొక్కటిగా.

మిగతా గుర్రాలకు కూడా నొప్పి ఉన్నదా?

పినాకపాణి సుభద్రవైపు చూశాడు. ఆయనకూ తెలియదు.

"వాటినే అడుగుదామండీ," అని ఆమె పక్క అరలోకి నడిచింది. అక్కడ ఎర్ర మగగుర్రం ఒకటి గడ్డిబొమ్మలా నిలబడి ఉంది. దాని మెడ మీద ఒట్టి చెయ్యి వేసి, అది ఊపిరి తీసుకునేదాకా ఆగి, గొళ్లెం తిప్పింది.