ఫోన్లో కోడలు

“మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళ యాప్ నుంచి మాట్లాడుతున్నానండీ. మీరు కంప్లైంట్ పంపారు.”

“పంపాను. మీ సలహా విని పరువు పోగొట్టుకున్నాను.”

“ఏ సలహా అండీ?”

“‘మీ నాన్నగారిని రోజూ కౌగిలించుకోండి’ అని. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. నేను వెళ్ళి వాటేసుకుంటే ఆయన చొక్కా జేబు తడుముకున్నారు.”

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు.

“నవ్వండి. మీదేం పోయింది.”

“సారీ అండీ. ఈ యాప్ ఎన్నో దేశాలవాళ్ళు వాడతారు. సలహా ఎవరిదో, ఇల్లు ఎవరిదో. మన ఇళ్ళకి పనికొచ్చేలా మార్చడమే నా ఉద్యోగం. ఆ కౌగిలి ఇవాళే తీసేస్తాను. బదులు ఏం పెట్టమంటారు?”

“పక్కన కూర్చోమనండి. అదే ఎవరూ చెయ్యరు.”

కంప్లైంట్ పంపినతనిది కళ్ళద్దాల షాపు. కింద షాపు, పైన ఇల్లు. షాపు నాన్న పెట్టిందే. తల్లి పోయింది. చుట్టాలు “ఏం కావాలన్నా ఫోన్ చెయ్యి” అన్నారు. చేస్తే ఎత్తలేదు. అతను ఆ నంబర్లన్నీ తీసేశాడు. నాన్న ఈమధ్య కొడుకు చేత్తో పెట్టింది తినడం మానేశారు. కంచం ముందు పెడితే పక్కకి జరిపేస్తున్నారు.

ఆ సంగతి కనుక్కోవడానికే యాప్‌లో పనిచేసే అమ్మాయి వీడియో కాల్ చేసింది. నాన్న వెనకనుంచి వచ్చి ఫోన్లోకి తొంగిచూశారు.

“ఏమ్మా, అలిగి పుట్టింటికి వెళ్ళిపోయావా?”

అతనికి ఇంకా పెళ్ళే కాలేదు.

“వాడేమన్నాడో నాతో చెప్పు. మీ అత్తయ్య ఉంటే వాడి చెవి మెలిపెట్టేది.”

“నాన్నా, ఆవిడ...”

వద్దన్నట్టు ఆమె తల ఊపింది. పెద్దవాళ్ళు పొరబడితే కాదని వాదించకూడదు. యాప్‌లో మొదటి సలహా అది. రాసింది తనే.

“చిన్న మాటే మావయ్యగారూ,” అంది. “మీరు భోజనం చేశారా?”

“నిన్ను పంపేసినవాడు పెడితే ఎవడు తింటాడు?”

“నేను చూస్తూ ఉంటాను. తినండి.”

తిన్నారు. కొడుకు అటు తిరిగి, మరకలేని అద్దం చాలాసేపు తుడిచాడు.

అప్పట్నుంచి ఆమె రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక కాల్ చేసేది. అది ఉద్యోగంలో లేని పని.

“ఎన్నాళ్ళురా ఇలా? వెళ్ళి తీసుకురా,” అనేవారు నాన్న.

“రమ్మంటే వస్తుందో రాదో.”

“అడిగావా?”

“లేదు.”

ఫోన్లో ఆమె తల వంచుకుని బల్లమీద లేనిదేదో వెతికేది.

“అమ్మాయ్, నీ కళ్ళజోడు కుడివైపు దిగింది. ఇంటికి రాగానే సరిచేస్తాను.”

“అలాగే మావయ్యగారూ.”

కంచం తీసేశాక కూడా కాల్ అయ్యేది కాదు.

“అలక బాగా నటిస్తున్నారు,” అన్నాడు ఒకసారి.

“నటన అని ఎవరన్నారు? మధ్యాహ్నం ఫోన్ చేస్తానని చెయ్యలేదు మీరు.”

ఒక సాయంత్రం నాన్న ఫోన్ వంక చూసి, “ఎవర్రా ఆ అమ్మాయి?” అన్నారు.

“యాప్ నుంచండీ,” అంది ఆమె. నాన్న తలాడించి కంచం దగ్గరికి లాక్కున్నారు. ఎవరూ చెప్పకుండానే తిన్నారు. కోడలితో పాటు కొడుకు మీద కోపాన్నీ మర్చిపోయారు.

“ఇక నేను రోజూ చెయ్యక్కర్లేదేమో,” అంది.

“అవునేమో,” అన్నాడు అతను.

అంతకంటే తెలివితక్కువ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. నాన్న తింటున్నారు. కొడుకు తినడం లేదు.

వారం తిరక్కుండా ఓ వానపూట షాపు తలుపు తెరుచుకుంది. నిలువునా తడిసిన అమ్మాయి. కళ్ళజోడు నిండా నీళ్ళు.

“ఇది వదులైంది. బాగుచేస్తారా?”

“ఊళ్ళో వేరే షాపులు కూడా ఉన్నాయి,” అన్నాడు. నోరు ఇంకా బుద్ధి తెచ్చుకోలేదు.

“తెలుసు. దారిలో రెండు దాటి వచ్చాను.”

కుర్చీలోంచి నాన్న అడిగారు. “ఎవరమ్మా నువ్వు?”

దీనికి యాప్‌లో సలహా లేదు. అతను చేతిలో గుడ్డ కింద పెట్టాడు.

“నాన్నా, నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి.”

“ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసా?”

“ఇంకా అడగలేదు.”

“అడక్కుండా నాకు చెప్తావేంరా? ముందు అడుగు.”

ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూడటమే అతని రోజువారీ పని. ఆవేళ చూడటం కష్టమైంది.

“అడుగుతున్నాను,” అన్నాడు.

ఆమె కళ్ళజోడు తీసి పెద్దాయన చేతికిచ్చింది. ఆ చేతులు ఏదీ మర్చిపోలేదు. నీళ్ళు తుడిచి, కాడ మెల్లగా వంచి, వెలుతురుకి పట్టి చూసి, ఆయనే ఆమెకి పెట్టారు.

“ఇప్పుడు సరిగ్గా కనిపిస్తోందా అమ్మా?”

ఆమె ఆయన భుజం మీదుగా కొడుకుని చూసింది.

“కనిపిస్తోంది మావయ్యగారూ.”