మెట్ల మీది మనిషి

"ఆ ఫొటో ఇప్పుడే గోడ మీంచి దించెయ్యండి!"

ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌లో మొదటి రోజే ఎవరో ఇలా పోట్లాటకు దిగుతారని అక్కడ తను తీసిన ఫొటోలు పెట్టిన ఆ అమ్మాయి కల్లో కూడా అనుకోలేదు. తలెత్తి చూసింది. ఎదురుగా ఉన్నది ఆ ఫొటోలోని మనిషే! మూసిన షాపు ముందు మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నవాడు.

"నన్నడక్కుండా తీశారు. పైగా నిలువెత్తు ప్రింటా!"

రోడ్డు మీద కూర్చుని ఏడిస్తే తప్పు నాదా అనబోయింది. కానీ అడగలేదన్న మాట నాలుగు నెలలుగా ఆమెనూ తొలుస్తూనే ఉంది మరి.

అతని గొంతు తగ్గింది. "అది మా కుట్టుమిషన్ల రిపేరు షాపండీ. నాన్న ముప్పై ఏళ్ళు నడిపారు. మూసేసిన రోజు, పీడా వదిలింది నాన్నా అన్నాను. ఆయన వెళ్ళాక ఆ మెట్ల మీద ఏడ్చి, ఏమీ కానట్టు ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను. మా పక్కింటాయన తీసిన ఫొటోలు కూడా ఉన్నాయని నాన్న సాయంత్రం ఇక్కడికొస్తున్నారు. ఇది చూస్తే తట్టుకోలేరు."

నాలుగింటికి జడ్జీలు. ఆమె పెట్టిన పదకొండు ఫొటోల్లో ప్రాణమున్నది ఇదొక్కటే. బహుమతి వస్తే వచ్చే ఏడు సొంత ఎగ్జిబిషన్. ఆ ఆశ అంతా ఆ మేకుకే వేలాడుతోంది.

అయినా స్టూలెక్కి దించేసింది.

"గొడవ పడతారనుకున్నాను," అన్నాడు తెల్లబోయి.

"నేనూ అదే అనుకున్నాను."

జడ్జీలు వచ్చారు, ఖాళీ మేకు దగ్గర ఓ క్షణం ఆగారు, పెదవి విరిచి వెళ్ళిపోయారు. ఆమెకు ఏడుపు ఆగలేదు. అతను మాత్రం దోషిలా అక్కడే నిలబడ్డాడు.

అంతలో అతని తండ్రి వచ్చాడు.

"అమ్మాయ్, పొద్దున ఇక్కడో ఫొటో ఉందే, ఏమైంది?"

"పొద్దునే వచ్చారా నాన్నా?"

"తలుపులు తీయగానే వచ్చాను. మనసాగక మళ్ళీ వచ్చాను. ఒరేయ్, ఆ రోజు నువ్వు ఈల వేస్తుంటే నా ప్రాణం ఎంత ఉసూరుమందో తెలుసా? నేను చేసిన పని నా కొడుక్కి పీడైపోయిందా అని! ఇవాళ నీ ఏడుపు చూశాక గానీ మనసు కుదుటపడలేదురా."

కొడుకు తండ్రి భుజం మీద తల వాల్చేశాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"మళ్ళీ పెట్టండి."

"జడ్జీలు వెళ్ళిపోయారుగా."

"నాన్న ఉన్నారుగా."

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఫొటో ఎత్తారు.

"మీకోసం ఆ మెట్ల దగ్గరికి చాలాసార్లు వచ్చాను," అంది మెల్లగా.

"ఎందుకు?"

"మొదటిసారి క్షమాపణ చెబుదామని."

"తర్వాత?"

"రోజూ ఈ మొహమే చూస్తూ ప్రింట్లేశాను కదా. ఊరూ పేరూ తెలియకుండానే మీరంటే ఇష్టం పుట్టింది. చాలా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "చాలదు. ఇంకోసారి చెప్పండి."

వెనక నుంచి తండ్రి దగ్గాడు.

"ఫొటో వంకరగా ఉందర్రా! ముందు గోడకేసి చూసి తగిలించండి. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోడానికి బోలెడు టైముంది."