ఆధారం చూపాలి

శుక్రవారం ఉదయం ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని రాజ్ కుమార్ ఫోను తీశాడు. కైకలూరులో తన చేపల మేత కొట్టు తెరవడానికి ఇంకా గంట టైముంది. ఏలూరులో డిగ్రీ చదువుతున్న కూతురు జ్యోత్స్న తమ కొల్లేటి ఊరి గురించి వికీపీడియాలో వ్యాసం రాసిందని వారం రోజులుగా కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. తెలుగు లెక్చరర్ ఇందుజ మేడమ్ క్లాసులో ఎవరి ఊరి గురించి వాళ్లను రాయమన్నారు. మార్కులు కూడా ఉన్నాయట.

"హెప్సిబా, ఇలా రా. మన ఊరి సంగతి వినిపిస్తాను" అని భార్యను పిలిచి పైకి చదవడం మొదలుపెట్టాడు. జనాభా అయింది, చేపల చెరువులు అయ్యాయి. బడి దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాడు. ఆ బడికి స్థలమిచ్చింది తన తండ్రి అహరోను మాస్టారు. ఆయన పోయి పాతికేళ్లు దాటినా, రాజ్ కుమార్‌ని ఊరంతా ఇప్పటికీ 'బడిచ్చిన మాస్టారి అబ్బాయి' అనే అంటారు.

"ఈ పాఠశాలకు స్థలం ఇచ్చినవారు కనకమ్మ..."

మళ్లీ చదివాడు. అదే పేరు.

"ఏ కనకమ్మండీ?" అంది హెప్సిబా.

ఊళ్లో ఆ పేరున్న మనిషి ఒక్కతే. అతని తల్లికి అక్క, పెద్దమ్మ. యాభై ఏళ్లకు పైగా ఈ ఇంటి వెనక గదిలోనే ఉంటోంది. మొగుడూ పిల్లలూ లేక, నిలవ నీడ లేక వచ్చిందనీ, నాన్న దయతలచి ఉంచుకున్నాడనీ చిన్నప్పటి నుంచీ విన్నాడు. ఇప్పుడామెకు ఎనభై రెండేళ్లు. పోయిన నెల స్నానాల గదిలో జారిపడింది. అందరూ పనులకు వెళ్తే పగలు చూసే మనిషి లేదని తాడేపల్లిగూడెంలో ఒక వృద్ధాశ్రమంలో మాట్లాడి వచ్చాడు. రేపే తీసుకెళ్లాలి.

"జ్యోత్స్నా!"

కాలేజీకి తయారవుతున్న పిల్ల జడ అల్లుకుంటూనే వచ్చింది.

"తాతగారి పేరేదీ? నువ్వే తీసేశావా?"

"నేనే తీశాను నాన్నా. మొదట తాతగారి పేరే రాశాను. పక్కన 'ఆధారం చూపాలి' అని ఎవరో పెట్టారు. ఊళ్లో అందరికీ తెలుసు మేడమ్ అంటే, అలాగైతే ఎక్కడో ఒకచోట అచ్చయి ఉంటుంది, వెతుకమ్మా అన్నారు."

"వెతికి, గిట్టనివాళ్లు చెప్పిందల్లా రాసేస్తావా? లోకమంతా చూస్తుందే! ఇప్పుడే మార్చెయ్."

"మార్చను నాన్నా."

ఆ పిల్ల అతనికి ఏనాడూ ఎదురు చెప్పలేదు. "నిన్ను చదివించింది మన పరువు తియ్యడానికా?" అని అరిచాడు.

"ఏవండీ, మెల్లిగా. పెద్దావిడ వింటారు" అంది హెప్సిబా.

జ్యోత్స్న లోపలికి వెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టింది. బడికి పాతికేళ్లయినప్పుడు వేసిన సంచిక. "ఆ ఏడు వరదకి ప్రతులన్నీ కట్టలు కట్టలుగా తడిసిపోయాయట. పంచనే లేదు. హెడ్ మాస్టారి బీరువాలో ఇదొక్కటే మిగిలింది. రాసిందెవరో చూడండి."

పేజీ పైన తండ్రి ఫొటో ఉంది.

'అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు గానీ ఈ స్థలం నాది కాదు. మా వదినగారు కనకమ్మది. పక్క ఊరి బడికి వెళ్తుంటే దోనె తిరగబడి ఆమె ఒక్కగానొక్క కొడుకు జాషువా కొల్లేట్లో మునిగిపోయాడు. వాడికి ఎనిమిదేళ్లు. నెల తిరక్కుండా ఆమె తన ఇల్లు పడగొట్టించి, ఆ స్థలం బడికి రాసిచ్చింది. ఇక ఏ బిడ్డా చదువు కోసం నీళ్లు దాటకూడదంది. పేరు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇన్నేళ్లకు ఆ ఒట్టు తప్పుతున్నాను.'

రాజ్ కుమార్ పుస్తకం మూశాడు. తను అక్షరాలు దిద్దుకున్నది ఆమె ఇల్లున్న నేల మీద. ఆ ఇల్లు ఇచ్చేసి వచ్చిన మనిషిని దిక్కులేనిదనుకున్నాడు.

ఎలా నడిచాడో తెలియదు, వెనక గది గుమ్మంలో ఉన్నాడు. కనకమ్మ పెట్టె సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏరా అబ్బాయ్, ప్రయాణం ఇవాళేనా?"

అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. "పెద్దమ్మా, జాషువా సంగతి ఒక్కనాడైనా ఎందుకు చెప్పలేదు?"

ఆ పేరు వినగానే ఆమె బడి వైపు తిరిగింది. "చెప్పుకుంటే, బిడ్డనిచ్చి పేరు కొనుక్కున్నట్టు ఉండదట్రా? పొద్దున్నే పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఇక్కడికి వినబడతాయి. నాకదే చాలు. ఆ గూడెం ఆశ్రమంలో వినబడవు గానీ... ఫర్వాలేదులే. మీకూ పనులుంటాయి కదా."

"నువ్వెక్కడికీ వెళ్లడం లేదు" అన్నాడతను ఏడుస్తూ. అక్కడే ఆశ్రమానికి ఫోను చేసి రావడం లేదని చెప్పేశాడు. "పగలు తోడుకి మనిషిని నేను మాట్లాడతానండీ" అంది హెప్సిబా, పెట్టెలోంచి చీరలు పైకి తీస్తూ.

కనకమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నా పేరు తీసెయ్యమ్మా. పెడితే వాడి పేరు పెట్టు."

"ఇద్దరి పేర్లూ ఉంటాయి మామ్మా. తాతగారు రాశారుగా, ఆధారం ఉంది." జ్యోత్స్న అక్కడే నిలబడి ఒక వాక్యం చేర్చి ఫోను చూపించింది.

చదువురాని ఆ ముసలామె ముందుకు వంగింది. "ఇందులో వాడేడీ?"

"ఇదిగో, ఇక్కడ."

"ఇంత చిన్నగా ఉన్నాడా!" అని వేలితో తాకింది. తాకగానే అక్షరాలు పైకి జారిపోయాయి. "అయ్యో, పోయాడు!" అని ఉలిక్కిపడింది.

"పోలేదు పెద్దమ్మా, పోలేదు." రాజ్ కుమార్ ఫోను అందుకుని ఆ పేరు వెతికి వెనక్కి తెచ్చాడు. రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసి, తెర నిండా జాషువా ఒక్కడే కనిపించేలా ఆమె ఒళ్లో పెట్టాడు.