కాలవ మలుపులో తొలి సవారీ

ఆగండి. ఒక్క నిమిషం ఆగి, చెవి ఒగ్గి వినండి.

ఏం వినబడుతోంది?

ఇంజను హోరు. టైర్ల కింద కంకర చిటపటలు. అంతేనా?

అంతే!

ఆ 'అంతే'కే కృపావరం వెన్నులో చెమట ధారకడుతోంది...

ఎందుకంటే ఇంకో చప్పుడు రావాలి. వెనకాల, ఎడమ చక్రం దగ్గర. టక్... టక్... అని. గుంత తగిలిన ప్రతిసారీ రావాలి. నిన్న మధ్యాహ్నం అతను తన చేత్తోనే అక్కడి నట్లు వదులు చేశాడు. నాలుగూ! వదులైన నట్లు మొత్తుకోవాలి.

మొత్తుకోవడం లేదు.

1956 నవంబరు నెలాఖరు. ఇంకా తెల్లవారలేదు. హెడ్‌లైట్ల ముందు మంచు తెరలు తెరలుగా చీలిపోతోంది. నంద్యాలలో బయల్దేరిన పెద్ద నల్ల కారు శిరివెళ్ల దాటింది. ఆళ్ళగడ్డ వైపు దూసుకుపోతోంది.

స్టీరింగు దగ్గర డ్రైవర్ ఓబులేసు. పక్కన కారు యజమాని మద్దిలేటి రెడ్డి. ఒళ్ళో రివాల్వర్.

వెనక సీట్లో మెకానిక్ కృపావరం.

అతని పక్కన... భార్య లూదియా! క్రిస్మస్‌కని కుట్టించుకున్న జాకెట్టు నెల ముందే తొడుక్కుని, తిరునాళ్ళకి పోతున్నట్టు కూర్చుంది.

ఆమెకేం తెలియదు.

"ఏంరా మిస్త్రీ, నాలిక ఇంటికాడ మర్సిపోయి వచ్చినావా?" రెడ్డి వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"లేదు సామీ..."

"కారు అద్దిరిపాయె గదరా! ముందర ఇది బురదలో బర్రె మాదిరి పొర్లాడ్తాండె. ఇప్పుడు సూడు... ఉడుము పట్టు పట్టుకుండాది రోడ్డును!"

"నలబై ఐదులో పోతాండాం రెడ్డీ," ఓబులేసు నవ్వాడు. "గలాసులో నీళ్ళు పెట్టినా తొణకవు."

నిజమే. తొణకవు.

పది రోజుల పని అది! నంద్యాల స్టేషను దగ్గర రేకుల షెడ్డులో, పగలూ రాత్రీ.

కారు బలమైనదే. కానీ స్ప్రింగులు మెత్తన. మలుపులో గంటకి పాతిక మైళ్ళు దాటితే ఒక పక్కకి ఒరిగిపోయేది. కిందటి నెల కాలవ మలుపులో శత్రువుల జీపు తరిమినప్పుడు జానెడులో తప్పింది చావు. మర్నాడే రెడ్డి షెడ్డుకొచ్చాడు. "ఊగకుండా చెయ్" అన్నాడు. అంతే.

కృపావరం చేశాడు. వెనక స్ప్రింగుల కమాను పట్టీలకి ఒక్కొక్క లారీ పట్టీ చేర్చాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు సరిచేశాడు. షాక్ అబ్జార్బర్లలో చిక్కటి నూనె పోశాడు. ముందు చక్రాలు రెండింటికీ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ బిగించాడు. కారు ఒక పక్క ఒరగబోతే రెండో పక్క పట్టి లాగేలా!

ఏ పుస్తకంలోనూ చూసి చేయలేదు. పడుకున్నా కళ్ళ ముందు అదే కారు, అదే మలుపు.

తొమ్మిదో రోజు పొద్దున బియ్యం మిల్లు మాధవయ్య మనిషి వచ్చి పిలుచుకుపోయాడు.

మాధవయ్యకీ రెడ్డికీ కాలవ నీళ్ళ దగ్గర మొదలైన పగ. రెండు వైపులా ఇప్పటికి రెండేసి శవాలు లేచాయి. అయినా మాధవయ్య గొంతు ఎంత మెత్తన!

"మాకు నెత్తురు పడదప్పా. నాలుగు నట్లు వదులు చెయ్. మీ తమ్ముడు మా మిల్లులో భద్రంగా ఉంటాడు. రెడ్డి కారు కాలవలో పడిందని కబురు రానీ... ఇంటికి పంపిస్తా."

"కబురు రాకుంటే?"

మాధవయ్య బాయిలరు కింద ఎర్రగా మండుతున్న ఊకపొయ్యి వైపు చూశాడు. 

తమ్ముడు యేసురత్నం. మిషన్ స్కూల్లో అయ్యవారు. చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. స్కూలు పని మీద కర్నూలు పోయాడని లూదియాకి అబద్ధం చెప్పాడు కృపావరం.

నట్లు వదులు చేశాడు.

పట్టీల కట్టను ఇరుసుకి బిగించి ఉంచేవి ఆ నట్లున్న యూ బోల్టులే. అవి వదిలితే తిన్నటి రోడ్డు మీద ఏం కాదు. గట్టిగా మలుపు తిప్పారా... ఇరుసు జారుతుంది. చక్రం దారి చక్రానిది. కారు దారి కారుది!

అందులో తాను ఉండడు కదా. అలా అనుకున్నాడు.

అక్కడే తప్పు చేశాడు.

ఆ పక్క పెద్ద రైతుల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త బండి చేయించినా, పాత బండికి ఇరుసు మార్పించినా, తొలి సవారీ రైతుది కాదు. చేసిన వడ్రంగిది! పెళ్ళాంతో సహా ఎక్కి కూర్చోవాలి. బండి సరిగ్గా నడిచిందా, ఇద్దరికీ బట్టలు పెడతారు. నడవలేదా... చేసినవాడి నడుమే ముందు విరుగుతుంది.

కృపావరానికి తెలియని పద్ధతి కాదు. వాళ్ళ తాత అలా ఎన్ని బండ్లు ఎక్కాడో! కానీ కారుకి కూడా బండి పద్ధతేనని ఎవరనుకుంటారు?

రెడ్డి అనుకున్నాడు.

తెల్లవారుజామున ఇంటి ముందు హారన్. బయటికొచ్చి చూస్తే అప్పటికే వెనక సీట్లో లూదియా. "ఏమయ్యా, రెడ్డి మనకు బట్టలు పెడ్తాడంట! జప్పున రా!"

కాదంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే రివాల్వరు.

ఎక్కాడు.

డబ్... కారు గుంతలో పడి లేచింది.

కృపావరం చెవి ఒగ్గాడు. టక్ అనాలి. అనలేదు!

ఎందుకు? పట్టీలన్నిటినీ గుచ్చిన మధ్య బోల్టు ఒక్కటే మొత్తం పట్టుకుని ఉందా? అయితే మోత ఉండదు. హెచ్చరికా ఉండదు. తెగితే ఒక్కసారే!

"యాబై!" ఓబులేసు గట్టిగా అరిచాడు.

"ఇంగా తొక్కురా," అన్నాడు రెడ్డి. "కాలవ మలుపు యాబైలోనే తిప్పల్ల. మిస్త్రీ పనితనం సూడొద్దా!"

కాలవ మలుపు. ఇంకా రెండు మైళ్ళు.

చెబితే రెడ్డి కాలుస్తాడు. తమ్ముడు ఊకపొయ్యి పాలవుతాడు.

చెప్పకపోతే... లూదియా!

లూదియా అతని చెయ్యి పట్టుకుంది. "ఏందయ్యా, చెయ్యి ఇంత సల్లగుండాది? జొరమా?"

అతను ఆమె ముఖం చూశాడు. కొత్త జాకెట్టు చూశాడు.

"ఆపూ!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఆపప్పా ఓబులేసూ! నీకు దండం పెడ్తా... ఆపు!"

బ్రేకు. టైర్లు కీచుమన్నాయి. కారు రోడ్డు మధ్య ఆగింది.



"నట్లు వదులు చేసినా రెడ్డీ. ఎనక, ఎడం పక్క. నేనే..."

లూదియా తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

ఓబులేసు... నవ్వాడు!

"నిన్న సందేళే బిగించినాలే మిస్త్రీ."

"ఆఁ?"

"ఇరవై ఏండ్లు ఎద్దులబండి తోలినోడ్ని. చక్రం చీల తడిమి సూడకుండా ఏ పొద్దూ కాడి కట్టలేదు. కారుకు చీల యాడుంటాదో ఎవునికి తెలుసు? కిందికి దూరి కనపడిన నట్టునల్లా తిప్పి సూసినా. నాలుగు నట్లు... వట్టి చేతి ఏళ్ళకే తిరిగినాయి!"

అందుకా! అందుకే మోత లేదు!

కటక్...

ఇది వేరే చప్పుడు. రెడ్డి రివాల్వరు గుర్రం మీట వెనక్కి లాగాడు. గొట్టం కృపావరం నుదుటికి ఎదురుగా ఉంది.

"రాత్రే నీ కత అయిపోతాండె. ఓబులేసే అడ్డం పడినాడు. పెండ్లాం పక్కనుంటే నోరు ఇప్పుతాడేమో సూద్దాం అన్యాడు. మలుపు దాటేదంకా నీకు గడువు. మైలు ముందర ఇప్పినావ్." రెడ్డి కళ్ళు రెప్ప వేయడం లేదు. "ఎవురు చేయమన్యారు?"

"మిల్లు మాధవయ్య. నా తమ్ముడు వాళ్ళ చేతిలో—"

ఢాం!

వెనక అద్దం భళ్ళున పగిలింది!

లూదియా కెవ్వుమంది. ఓబులేసు స్టీరింగు మీదికి తూలాడు. కుడి భుజం నుంచి నెత్తురు!

కృపావరం తిరిగి చూశాడు. వంద గజాల వెనక, మంచులో రెండు లైట్లు. జీపు!

కారు పడటం కళ్ళారా చూసిపోదామని వచ్చిన మాధవయ్య మనుషులు. పడాల్సిన కారు ఆగిపోతే... చూస్తూ ఊరుకుంటారా?

"ముందుకి రారా!" రెడ్డి ఓబులేసుని రెక్క పట్టి తన వైపు లాగేశాడు. "నువ్వు చేసిన బండి నువ్వే తోలు!"

కృపావరం సీటు మీదుగా ముందుకి దూకాడు. రివాల్వరు గొట్టం అతని చెవి పక్కకొచ్చింది. గేరు. క్లచ్. యాక్సిలరేటర్!

కారు ఎగిరింది.

ఇరవై... ముప్ఫై... నలభై...

ఢాం! డిక్కీకి తగిలింది గుండు.

"తల వొంచుకో లూదియా!"

ఎదురుగా చిన్న వంపు. కాలు ఎత్తలేదు. నలభై ఐదులోనే స్టీరింగు తిప్పాడు. నాలుగు చక్రాలూ భూమిని కరిచి పట్టుకున్నాయి. కారు ఒరగలేదు. జారలేదు. గీత గీసినట్టు తిరిగింది!

ప్రాణం మీదికి వచ్చిన ఆ క్షణంలో కూడా... కృపావరం ఒళ్ళు పులకరించింది.

అద్దంలో చూశాడు. జీపు కూడా వంపు తిరిగింది. కానీ దాని ఒక పక్క చక్రం గాల్లోకి లేచింది. జానెడు... మూరెడు... ధబ్బున నేల మీద పడింది.

రెడ్డి కూడా చూశాడు.

"సూసినావా? ఎత్తు జీపు! ఇంత సిన్న వంపులోనే చక్రం లేసింది! కాలవ మలుపు యాబైలో తిప్పు. మనం నిలుస్తాం. వాళ్ళు నీళ్ళ పాలు!"

"వాళ్ళు నిదానిస్తే?"

"నిదానిస్తారా వాళ్ళు! ఈ కారు ఆ మలుపులో ముసలిదాని మాదిరి దేకుతాదని తాలూకా అంతా ఎరుగు. ఇదే తిరిగితే మా జీపు తిరగదా అనుకుంటారు. తొక్కు!"

నిజం. సరిగ్గా అలాగే అనుకుంటారు. లోపల ఏం మారిందో వాళ్ళకేం తెలుసు? నాలుగు నట్ల సంగతి తప్ప వాళ్ళేమీ అడగలేదు!

నలభై ఎనిమిది...

తూర్పు తెల్లబడింది. మంచు పలచబడింది. జీపు దగ్గరపడింది. యాభై గజాలు... ముప్ఫై...

కృపావరం మళ్ళీ అద్దంలో చూశాడు.



జీపు ముందు సీట్లో తెల్ల చొక్కా. కళ్ళద్దాలు. రెండు చేతులూ జీపు అద్దం ఫ్రేముకి తాడుతో కట్టేసి ఉన్నాయి. ఎదుటివాడు తిరిగి కాల్చకుండా మనిషినే అడ్డం పెట్టారు!

పగిలిన వెనక అద్దంలోంచి లూదియా కూడా చూసింది.

"ఏమయ్యా..." ఆమె అరిచింది. "అది మన రత్నమయ్యా! కర్నూల్లో ఉండాడంటివే!"

"రెడ్డీ! జీపులో నా తమ్ముడుండాడు!"

రెడ్డి ఒక్కసారి వెనక్కి చూశాడు. ఒకే ఒక్కసారి.

రివాల్వరు కృపావరం చెవి దగ్గర నుంచి కదిలింది. సీటు మీదుగా వెనక్కి తిరిగింది. లూదియా వైపు!

"నా కార్లో నీ పెండ్లాం ఉండాది," అన్నాడు రెడ్డి. "కాలు తీయాకు."

పక్కన ఓబులేసు నెత్తురోడుతూ మూలుగుతున్నాడు. "మిస్త్రీ... నట్లు బాగా బిగించినాలే. బండి నిలుస్తాది. బయపడాకు..."

నిలుస్తుంది. అదే కదా భయం!

యాభై.

ఎదురుగా కాలవ. నిండా నీళ్ళు. రోడ్డు కుడివైపుకి కొడవలిలా తిరిగిపోతోంది.

కాలు ఎత్తితే, ముప్ఫైలో తిరిగితే, వెనక జీపు కూడా నిలుస్తుంది. రత్నం బతుకుతాడు. కానీ జీపు వచ్చి కారుని అందుకుంటుంది. దానికన్నా ముందే రెడ్డి వేలు కదులుతుంది.

తొక్కితే కారు గీత గీసినట్టు తిరుగుతుంది. లూదియా బతుకుతుంది. వెనక జీపు మాత్రం తిరగదు. చేతులు కట్టేసిన మనిషి నీళ్ళల్లో ఈదలేడు.

పది రోజులు తను కష్టపడింది దీని కోసమేనా? కొంచెం చెత్తగా చేసి ఉంటే... ఒక్క పట్టీ తక్కువ వేసి ఉంటే!

మలుపుకి వంద గజాలు.

అద్దంలో కళ్ళద్దాలు తళుక్కుమన్నాయి. తమ్ముడు తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు అనా? నా కోసం ఆగొద్దు అనా?

యాభై గజాలు.

కృపావరం కాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది...

మీరే ఆ సీట్లో ఉంటే? తొక్కుతారా... ఎత్తుతారా?