సబ్రియా ఇంటి మెట్ల దగ్గర

రాస్ మర్జాన్‌లో ఎవర్నడిగినా చెబుతారు — పొద్దు గుంకాక సబ్రియా ఇంటివైపు పోకూడదని.

ఊరు మాత్రం ముచ్చటైన ఊరు. తెల్లటి గోడలు, నీలం తలుపులు, రేవులో ఊగే పడవలు, బొగ్గులమీద కాలే చేపల వాసన... ఒకసారి వచ్చినవాడికి తిరిగి వెళ్ళబుద్ధి కాదు. కానీ ఊరి చివర, నేల సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట, పాడుబడ్డ ఇల్లొకటుంది. దానికి తలుపుల్లేవు. కప్పు సగమే ఉంది. వెనకనుంచి రాతి మెట్లు తిన్నగా నీళ్ళలోకి దిగుతాయి.

ఎప్పుడో సబ్రియా అనే కొత్త పెళ్ళికూతురు, వేటకెళ్ళిన మొగుడికోసం ఆ మెట్లమీద కూర్చుని చూసి చూసి, చివరికి తనే నీళ్ళలోకి నడిచిపోయిందట. రాత్రిళ్ళు తడిబట్టలతో పైకొస్తుందట. జుట్టు విరబోసుకుని నవ్వుతుందట. చూసినవాడి మూతి వంకర పోతుందట. నేను చూడలేదు, నా మూతి చక్కగానే ఉంది. విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఎవరు చెప్పారో మాత్రం అడగొద్దు.

లరూసీది కైరువాన్. సముద్రానికి దూరంగా ఎండకి మాడే ఊరు. అక్కడ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. రాస్ మర్జాన్ పిల్ల ఉమైమా నర్సు చదువుకని ఆ ఊరు వెళ్ళింది. హాస్టల్లో ఫ్రిజ్ చెడిపోయింది. మిగతాది మీరే ఊహించుకోండి.

ఆ వేసవిలో తల్లినీ పెదనాన్ననీ వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వచ్చాడు. పెద్దలు కూర్చుని ఫాతిహా ప్రార్థన చదివితే సంబంధం ఖాయమైనట్టే. చదవాలంటే ఉమైమా అమ్మమ్మ లల్లా షెద్లియా ‘ఊఁ’ అనాలి. ఆవిడ మాట లేనిదే ఆ ఇంట్లో కాఫీ కూడా పొంగదు. అప్పటికే ఇద్దరిని తిప్పి పంపేసింది. ఒకడు తిండిపోతట. రెండోవాడికి నోట్లో నువ్వుగింజ నానదట. ఇవాళ ఒంట్లో నలతగా ఉందని లోపలి గదిలో పడుకుంది, కాసేపాగి వస్తుందన్నారు. లరూసీ ఆవిణ్ణి ఇంకా చూడనేలేదు.

వాకిట్లో చాపలమీద మగవాళ్ళు కూర్చున్నారు. ఉమైమా తండ్రి సీ హెదీ మితభాషి. మేనమామ బెషీర్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. చెవి వెనక మల్లెమొగ్గల గుత్తి దోపుకుని, వచ్చిన దగ్గర్నుంచీ పెళ్ళికొడుకుని వదల్లేదు.

“ఏమయ్యా, పొద్దున సముద్రంలో మోకాలి లోతు దాటలేదట? చేపపిల్ల తగిలితే అరిచావట?”

“చేపపిల్ల కాదు మామయ్యా, చాలా పెద్ద చేప.”

“ఆఁ, తిమింగలం!”

అందరూ నవ్వుతుండగా లరూసీ తల్లి ఒక్కసారి గుండెమీద చెయ్యేసుకుంది. “ఒరే, మక్రూద్ డబ్బా ఏదిరా?”

డబ్బా లేదు. దిగిన ఇంట్లోనే మర్చిపోయారు. కైరువాన్ నుంచి పిల్లనడగడానికి వచ్చి, ఖర్జూరం కూరి తేనెలో ముంచిన మక్రూద్‌లు పెట్టకపోతే ఊరు పరువే పోతుంది. లరూసీ లేచాడు.

“రేవు చుట్టూ తిరిగి వెళ్ళు,” అన్నాడు బెషీర్. ఈసారి ఆ గొంతులో ఎగతాళి లేదు. “దగ్గరిదారి వద్దు. అక్కడ సబ్రియా ఇల్లుంది.”

లరూసీకి ఇంతసేపు పడిన మాటలన్నీ గుర్తొచ్చాయి. “దెయ్యాలా? నేను కరెంటుతో ఆడుకునేవాణ్ణి మామయ్యా. కనబడిందా, చెయ్యి పట్టుకుని మీ ముందుకి తీసుకొస్తా!” మాటలు కోటలు దాటాయి.

వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. ఈల వేసుకుంటూ వెళ్ళాడు. డబ్బా చంకన పెట్టుకుని తిరిగొస్తుంటేనే —

ఈల దానంతటదే ఆగిపోయింది.

చంద్రుడు లేడు. గాలి లేదు. పాడింటి గోడ పక్కనుంచి దారి. ఇంటి వెనక నీళ్ళు... ఎవరో చేత్తో కొట్టినట్టు... చప్పుడు చేశాయి.

కెరటమే అనుకున్నాడు. కెరటమైతే నవ్వదు కదా.

నవ్వు — సన్నగా, నీళ్ళమీదనుంచి. ఒకటి కాదు... రెండు... చాలా. కాళ్ళు ముందుకి పడవు, వెనక్కీ పోవు. చూడొద్దు చూడొద్దు అనుకుంటూనే గోడ పక్కనుంచి తల తిప్పాడు.

నల్లటి నీళ్ళలోంచి ఒక తల లేచింది. దాని వెనక ఇంకోటి. తెల్లటి బట్టలు ఈడ్చుకుంటూ, జుట్లు ముఖాలమీద పడి, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి... తప్... తప్... తప్...

లరూసీకి పైప్రాణాలు పైనే పోయాయి. కూలబడ్డాడు. ఒక చేత్తో డబ్బా గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మూతి తడుముకున్నాడు, వంకర పోయిందేమోనని.

అన్నిటికంటే ముందున్న ఆకారం మెట్లమీద ఆగింది. తల పైకెత్తింది. నోరు తెరిచింది —

తుమ్మింది.

“ఎవడ్రా అక్కడ?” అంది, ముక్కు తుడుచుకుంటూ. ముసలి గొంతు. “కదలకు! గోడవైపు తిరుగు!”

లరూసీ గోడవైపు తిరిగాడు. చెప్పకపోయినా కళ్ళు మూసుకున్నాడు. వెనక గుసగుసలు, ఎవరో గాజులు సర్దుకున్న చప్పుడు, ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్న నవ్వు.

“ఏ ఊరు?”

“కై... కైరువాన్.”

గుసగుసలు టక్కున ఆగిపోయాయి.

“ఇవాళ నడివేసవి ఔసు ఎండలు మొదలు. ఈ రాత్రి ఆడవాళ్ళు సముద్రంలో మునుగుతారని తెలీదుట్రా? మునిగితే ఏడాదంతా రోగం రొష్టు ఉండదు. మీ ఊళ్ళో మునగరూ?”

“మా ఊళ్ళో సముద్రం లేదమ్మా.”

వెనక నవ్వులు భళ్ళుమన్నాయి. ముసలి గొంతు మాత్రం నవ్వలేదు. “ఆ డబ్బాలో ఏమిటి?”

“మక్రూద్‌లు. మా అమ్మ చేసింది.”

“ఓహో... తిరక్కు. చెయ్యి మాత్రం వెనక్కి చాపు.”

తడి చేతులు డబ్బా అందుకున్నాయి. నములుతున్న చప్పుడు. “తేనె ధారాళంగా పట్టించింది మహాతల్లి,” అన్నారెవరో నోరు నింపుకుని. నీళ్ళలో మునిగొచ్చిన ఆకలి మామూలుగా ఉండదు.

లరూసీకి కాస్త ధైర్యం వచ్చింది. “మరి సబ్రియా?”

“సబ్రియా లేదు, గిబ్రియా లేదు. మగాళ్ళు ఇటు రాకుండా మా ముత్తవ్వలు కట్టిన కంచె అది. పగలంతా సముద్రం మీ మగాళ్ళదేగా. ఏడాదికో రాత్రి మాది.” గొంతు దగ్గరికొచ్చింది. “పెదవి దాటితే పృథివి దాటుతుంది బాబూ. నువ్వు నోరు విప్పావా, వచ్చే ఏడు దీపాలు పట్టుకుని మొగుళ్ళూ అన్నదమ్ములూ కాపలాకి తయారవుతారు. ఇక మాకు సముద్రం ఉండదు. అర్థమైందా?”

“అయింది.”

“మేం వెళ్ళేదాకా గోడనే చూస్తూ ఉండు.”

అలాగే చూస్తూ నిలబడ్డాడు. అడుగుల చప్పుడు వినబడకుండా పోయాక కూడా నిలబడ్డాడు.

అతను వచ్చేసరికి వాకిట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. మోకాళ్ళకి ఇసుక, ముఖాన చెమట, చేతిలో సగం ఖాళీ డబ్బా. బెషీర్ నోరు తెరిచేలోగా లోపలి తలుపు తెరుచుకుంది. మనవరాలి భుజం పట్టుకుని, పాపం, నీరసంగా అడుగులో అడుగేసుకుంటూ లల్లా షెద్లియా వచ్చి కూర్చుంది.

“ఇంతసేపయ్యిందేం? ఎటునుంచి వచ్చావు అబ్బాయీ?”

ఆ గొంతు!

లరూసీ తలెత్తాడు. ముసలావిడ తలగుడ్డ అంచునుంచి ఒక నీటిచుక్క జారి భుజంమీద పడింది. ఆవిడ ముఖంలో ఏమీ లేదు, కళ్ళు మాత్రం అతన్నే చూస్తున్నాయి. వెనక ఉమైమా ఊపిరి బిగబట్టి నిలబడింది.

నిజం చెబితే ఆడవాళ్ళ రాత్రి ఆఖరు. రేవు చుట్టూ వచ్చానంటే డబ్బా సంగతేమిటంటారు. ఇక మిగిలింది ఒక్కటే. అది చెబితే ఈ ఇంట్లో బతికినంతకాలం తలెత్తుకోలేడు. బెషీర్ అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

“దగ్గరిదారినే వచ్చాను... చూశాను,” అన్నాడు లరూసీ.

“ఏం చూశావు?”

“సబ్రియాని.”

బెషీర్ కాఫీ కప్పు కింద పెట్టి ముందుకి వంగాడు.

“నీళ్ళలోంచి లేచింది. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. గోళ్ళు ఇంతింత. కాళ్ళు రాలేదు మామయ్యా, కూలబడిపోయాను.” సిగ్గు చంపుకుని అన్నాడు. “ఏడ్చాను కూడా.”

బెషీర్ పడీపడీ నవ్వాడు. చెవి వెనక మల్లెగుత్తి ఊడి కాఫీ కప్పులో పడింది. “కరెంటు మనిషి ఏడ్చాడట! మరి చెయ్యి పట్టుకుని తీసుకురాలేదేం? మక్రూద్‌లు ఏమయ్యాయి?”

“అదే తినేసింది.”

ఇంక చెప్పాలా? పెదనాన్న తల పట్టుకున్నాడు. తల్లి కొంగుతో ముఖం కప్పుకుంది. లరూసీ చెవులు కాలిపోతున్నాయి. అయినా మాట మార్చలేదు.

నవ్వనిది లల్లా షెద్లియా ఒక్కతే. డబ్బా దగ్గరికి లాక్కుని, ఒక మక్రూద్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లిగా కొరికింది.

“బాగున్నాయి. ఇలాంటివి నేనెన్నడూ తినలేదు,” అంది. “హెదీ, ఫాతిహా చదివించు.”

“అమ్మా! ఈ పిరికివాడికా పిల్లని ఇచ్చేది?” అన్నాడు బెషీర్.

“ధైర్యవంతుణ్ణి కన్నానుగా, ఆ సుఖం చాల్లే. నువ్వు నోరు మూసుకుని చేతులు ఎత్తు.”

అందరూ చేతులెత్తారు. ఫాతిహా అయింది. లోపలినుంచి ఆడవాళ్ళ జగరూతలు, ఆ సంబరపు కూతలు, వాకిలి దాటి వీధిలోకి వినబడ్డాయి. మామూలు నిశ్చితార్థానికి అంత గట్టిగా ఎవరూ కూయరు.

వెళ్ళేటప్పుడు సీ హెదీ గుమ్మందాకా వచ్చాడు. అల్లుణ్ణి కౌగిలించుకున్నాడు. వదల్లేదు. చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా అన్నాడు:

“నేను పిల్లనడగడానికొచ్చినప్పుడు తెచ్చింది మా స్ఫాక్స్ బక్లావా మిఠాయి, అల్లుడూ. ఒక్క ముక్క మిగల్చలేదు.”

లరూసీ కూడా గొంతు తగ్గించి, “మరి... మీరేం చెప్పారు మామయ్యా?” అన్నాడు.

సీ హెదీ వెనక్కి తిరిగి, కాఫీలోంచి మల్లెమొగ్గలు ఏరుకుంటున్న బావమరిదిని ఒకసారి చూశాడు.

“దానికి తోక ఉందని చెప్పాను,” అన్నాడు. “బెషీర్ ఇప్పటికీ ఆ తోకకే భయపడతాడు.”