మొండి టైమర్

మధ్యాహ్నం మూడు దాటింది. మెట్లు సగం ఎక్కిన మేనకోడలికి పైగదిలోంచి 'జర్ర్'మని చప్పుడు వినిపించింది.

రెండు మూడు క్షణాలు. అంతే. సగంలో ఆగిపోయింది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. నల్ల కెమెరా టైమర్. దాని మీట తిప్పి వదిలితే కాసేపు గీపెట్టి, కెమెరా తనంతట తానే ఫోటో తీస్తుంది. తీయాలి. కానీ లోపల గ్రీజు గట్టిపడి, మధ్యలో మొండికేస్తుంది. అందుకే మామయ్య దాని జోలికే పోడు.

"మామయ్యా! టైమర్ ముట్టుకోవద్దని నాకు చెప్పి, నువ్వే తిప్పుతున్నావా?"

పైగది వెనక తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది.

గదిలో మామయ్య బల్ల పక్కన నేల మీద పడి ఉన్నాడు. తల కింద రక్తం. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆమె ఫోన్ తీసి పోలీసులను పిలిచింది.

సాయంత్రానికి ఇల్లంతా పోలీసులు. పైగది గోడల పొడవునా అద్దాల బీరువాల్లో అన్నీ పాత కెమెరాలే. ఇన్నేళ్ళూ ముద్దొచ్చిన ఆ గాజుకళ్ళు ఇప్పుడు తనవైపే చూస్తున్నట్టున్నాయి. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. "అన్నీ బీరువాల్లో ఉన్నాయి. ఈ రెండే బయట ఎందుకున్నాయమ్మా?"

"నా కోసం సార్. రెంటిలో ఒకటి తీసుకోమన్నాడు మామయ్య. రెండింటికీ బ్యాటరీతో పనిలేదు. ఈ వెండిది ఇనపగుండు, జన్మలో పాడవదు. నల్లది తేలిక, మెత్తగా పలుకుతుంది, కానీ గారాబం చెయ్యాలి. వాడి చూడు, చేతికి ఏది నచ్చితే అది నీది అన్నాడు."

"ఏది నచ్చింది?"

"ఇంకా తేల్చుకోలేదు సార్."

"వెండిదాని మూలకి రక్తం ఉంది. దాంతోనే కొట్టారు. దాని మీద ఇద్దరి వేలిముద్రలే ఉన్నాయి. మీ మామయ్యవి, నీవి."

"పొద్దున రెండూ పట్టుకున్నాను సార్. ఒట్టు."

"ఇంట్లో ఉన్నది మీరిద్దరే. తలుపు చప్పుడు విన్నది నువ్వొక్కదానివే. టైమర్ చప్పుడూ అంతే."

ఒకవైపు బేడీల భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. తను మెట్లెక్కుతుంటే పైన నిలబడి ఉన్న మనిషి ఇప్పుడెక్కడున్నాడు?

"భయపడకు తల్లీ, మేమున్నాం." స్టూడియో బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాడు. మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు, ఊళ్ళో ఫోటో స్టూడియో ఆయనది. కబురు అందగానే చిన్న మామయ్యతో పాటు పరుగెత్తుకొచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ ముందు చిన్న మామయ్యను పట్టుకున్నాడు. "మూడింటికి ఎక్కడున్నారు?"

"ఇంట్లో నిద్రపోతున్నాను సార్."

"సాక్షులు?"

"నిద్రకి సాక్షులేంటి సార్!"

"కెమెరాలు తెలుసా?"

"ఫోన్లో తీస్తేనే నా వేలు అడ్డమొస్తుంది. ఇవన్నీ అన్నయ్య పిచ్చి."

"మీరు?"

"స్టూడియోలో ఉన్నానండీ," అన్నాడు బాబాయ్.

"ఈ నల్ల కెమెరా తెలుసా?"

"మొన్నీమధ్య కొన్నాడని విన్నాను. చూడటం ఇదే మొదలు. చేత్తో తాకనైనా లేదు."

ఇన్‌స్పెక్టర్ గ్లవ్స్ వేసుకున్నాడు. నల్ల కెమెరాను కొద్దిగా పక్కకు జరిపాడు.

జర్ర్...

అందరూ కొయ్యబారిపోయారు. ఎవరూ తిప్పలేదు. ఎవరూ నొక్కలేదు. దానంతట అదే గీపెడుతోంది.

"అన్నయ్యా!" చిన్న మామయ్య పక్కనున్న కానిస్టేబుల్‌ని వాటేసుకున్నాడు.

టక్.

"సగంలో ఆగింది ఇప్పుడు పూర్తయింది సార్!" ఆమె అంది. "కాస్త కదిపితే అలాగే మొదలవుతుంది. నేను విన్నది ఇదే."

ఇన్‌స్పెక్టర్ నుదురు తుడుచుకున్నాడు. ఆయనకూ చెమటలు పట్టాయి. "అయితే మనందరి ఫోటో పడిందన్నమాట. ఫిలిం కడిగిస్తే, ఇంతకుముందు ఎవరెవరు పడ్డారో కూడా తేలిపోతుంది."

బాబాయ్ నవ్వాడు. నవ్వు సగంలో వంకర తిరిగింది. "కడగడానికేముంది సార్? అది ఖాళీ."

భుజం మీది చెయ్యి ఆమెకు ఒక్కసారిగా బరువెక్కింది.

"ఖాళీ కాదు బాబాయ్. పొద్దున నేనే ఫిలిం వేశాను. రోలంతా మామయ్యనే తీశాను."

"తాకనైనా లేదన్నారు," ఇన్‌స్పెక్టర్ అన్నాడు. "ఖాళీ అని ఎలా తెలిసింది?"

"ఏదో... పాతది కదా, ఖాళీగానే ఉంటుందని..."

అప్పుడు మామయ్య మాట ఆమెకు గుర్తొచ్చింది. ఫిలిం వేశాక, దాన్ని ముందుకు జరిపే మీట తిప్పుతూ, ఇవతలి పక్కనున్న, ఫిలిం వెనక్కి చుట్టే నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూసుకో. తిరక్కపోతే లోపల ఫిలిం పట్టుకోనట్టే. వెయ్యిసార్లు చెప్పాడు. పొద్దున మామయ్య జోకులకు నవ్వుతూ ఆమె నాబ్ వైపే చూడలేదు.

"సార్, ఆ నాబ్‌ని కొంచెం వెనక్కి తిప్పండి."

ఇన్‌స్పెక్టర్ అంచు పట్టి తిప్పాడు. వదులుగా తిరిగింది.

"నా తప్పే సార్. ఫిలిం ఉంది, కానీ అవతలి రీలుకి చుట్టుకోలేదు. అలాంటప్పుడు ఈ నాబ్ బిగుసుకోదు, తిప్పితే ఎవరికైనా ఖాళీ అనే అనిపిస్తుంది. కెమెరాలు తెలిసినవాళ్ళు చేతికి తీసుకోగానే ముందు తిప్పి చూసేది దీన్నే."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. "ఈ పిల్లకి ఫిలిం ఉందనీ తెలుసు, టైమర్ మొండిదనీ తెలుసు. ఆ తమ్ముడికి నాబ్ ఏదో, మీట ఏదో తెలీదు. కెమెరాలన్నీ తెలిసి, ఈ ఒక్క కెమెరా గుట్టు తెలియనివాడు ఒక్కడే ఉన్నాడు. మీరు వెండిదాన్ని బెల్టు పట్టుకుని విసిరి కొట్టారు, అందుకే దాని మీద మీ వేళ్ళు పడలేదు. ఈ నాబ్ మీద మాత్రం ఉండే ఉంటాయి."

బాబాయ్ చెయ్యి ఆమె భుజం మీంచి జారిపోయింది.

"ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను ఆ నల్లదాని కోసం," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "అడిగిందిస్తానన్నాను. ఈ పిల్లకి బొమ్మలా ఇచ్చేస్తానన్నాడు."

"కొట్టాక?"

"పనిచేస్తుందో లేదో చూస్తున్నాను. ఇంతలో మెట్ల మీద ఇది పిలిచింది. కంగారులో అక్కడే వదిలేసి పారిపోయాను."

శవం పక్కన నిలబడి కెమెరా పరీక్షించాడు! పిలవకుండా ఎక్కేసి ఉంటే తనకూ మామయ్య గతే పట్టేది.

కొన్నాళ్ళకు ఇన్‌స్పెక్టరే నల్ల కెమెరా తెచ్చిచ్చాడు. పక్కన కడిగిన ఫిలిం చుట్ట. ఆమె కిటికీ వెలుగులో చాపి చూసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క బొమ్మ లేదు.

"నువ్వు చేసిన ఆ పొరపాటు వల్లే వాడు దొరికాడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తెలుసు సార్. కానీ ఆ పొద్దున మామయ్య నవ్వాడు. ఎంత నవ్వాడో!"

ఆయన వెళ్ళాక కొత్త రోలు వేసి, మీట తిప్పుతూ నాబ్ వైపు చూసింది. తిరిగింది. టైమర్ జోలికి మాత్రం పోలేదు.